ఏప్రిల్‌కో టీమ్

వీరభద్రం గారి పేరెత్తితే ముందు నాకు ఒళ్ళు మండుతుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది. ఇరవై ఏళ్లుగా అమెరికాలో ఉంటూ, ఇరవై ఏళ్లుగా బేస్‌బాల్ అభిమానినని చెప్పుకుంటూ, ఒక్క ఆటైనా మొదటి నుంచి చివరి దాకా చూసిన పాపాన పోని మనిషి ఆయన. టీమ్ మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అది ఏ టీమన్నది ఆ ఏడు ఆయన మేనేజరు ఎవరన్నదాన్ని బట్టి తేలుతుంది.

పని వచ్చు, కాదనను. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మా ఆఫీసు టెక్సస్‌లో, లాస్ కొలీనాస్‌లో. మందుల షాపులకు సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీ. నేను అక్కడ పర్మనెంట్ ఉద్యోగిని, గ్రీన్ కార్డు వచ్చి ఆరేళ్లయింది, నన్ను కదిపేవాడు లేడు. వీరభద్రం గారు కాంట్రాక్టు మీద వచ్చిన టెస్టింగ్ లీడ్. ఆరు నెలలకోసారి ఎక్స్‌టెన్షన్ రావాలి. రాకపోతే ఆయన్ని పంపిన కన్సల్టెన్సీ వాళ్ళు మ్యాప్‌లో ఇంకెక్కడో వేలు పెడతారు, ఈయన సామాను సర్దుకుంటాడు. ఈసారి ఎక్స్‌టెన్షన్ ఏప్రిల్ ముప్పైకి తేలాలి.

ఇద్దరం ఇర్వింగ్‌లో ఒకే అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉంటాం. వాళ్ళకున్న ఒక్క కారునీ ఆయన భార్య శాంతి తీసుకెళ్తుంది. అందుకని పొద్దున్నే వాళ్ళమ్మాయి హంసికని హైస్కూల్ దగ్గర దింపి, ఈయన్ని ఆఫీసుకి మోసుకెళ్ళే భాగ్యం నాకు దక్కింది. మార్చి నెలాఖరున సీజన్ మొదలైందంటే చాలు, కారెక్కిన దగ్గర్నుంచి చెవిలో జోరీగే. ఫోన్‌లో రాత్రి ఆటల స్కోర్లు చూసి, మర్నాడు పరీక్ష ఉన్న పిల్లాడిలా పైకి చదువుతాడు.

"నిన్న మనోళ్ళు ఐదు మూడు గెలిచిన్రు. ఏడో ఇన్నింగ్స్‌ల హోమ్ రన్. గని బుల్‌పెన్ వీక్ ఉన్నదమ్మా."

"బుల్‌పెన్ అంటే ఏంటండీ?" అని ఓసారి అడిగాను, తెలిసే అడిగాను.

"అది పిచర్లకు సంబంధించిందిలే," అన్నాడు కిటికీలోంచి చూస్తూ.

వెనక సీట్లోంచి హంసిక, "డాడీ, అది రిలీఫ్ పిచర్స్ వామప్ చేసే ప్లేస్," అంది. తండ్రికి వినపడనట్టే ఉంది.

ఈ "మనోళ్ళు" ఎన్నిసార్లు మారారో ఆ పిల్లే నాకు చెప్పింది. ప్లెయిన్స్‌బరోలో ఉన్నప్పుడు మేనేజరు యాంకీస్ మనిషి, కాబట్టి వీరభద్రం గారూ యాంకీసే. నెలల పిల్లగా ఉన్న హంసికకి కూడా ఆ టోపీ పెట్టి ఫొటో తీశాడు. మేనేజరు మారాడు, కొత్తాయన మెట్స్. నెల తిరక్కుండా ఈయన మెట్స్. అక్కణ్నుంచి బెంటన్‌విల్ వెళ్ళారు, అక్కడి మేనేజరుది సెయింట్ లూయిస్, ఈయన ఎర్ర టోపీ కొన్నాడు. ఇర్వింగ్‌లో మా మేనేజరు డేల్, టెక్సస్ రేంజర్స్ అంటే ప్రాణమిచ్చే మనిషి. ఇంకేముంది, వీరభద్రం గారు విమానం దిగేటప్పటికే రేంజర్స్. వాడేసిన టోపీలు ఇండియా నుంచి కొత్తగా వచ్చి వాళ్ళ హాల్లో నాలుగు రోజులుండి పోయే కుర్రాళ్ళకి ఇచ్చేస్తాడు. వాళ్ళు పాపం ఎండకి పనికొస్తుందని పెట్టుకుపోతారు.

ఒక్క ఎర్ర టోపీ మాత్రం ఎవరికీ పోలేదు, హంసిక దాచేసింది. బెంటన్‌విల్‌లో ఆ పిల్ల ఏడో ఏట నుంచి పదమూడో ఏటి దాకా పెరిగింది. అక్కడ పక్కింటి పెద్దావిడ వరండాలో కూర్చుని రేడియోలో సెయింట్ లూయిస్ ఆటలు వింటూ, నోటు పుస్తకంలో పెన్సిల్‌తో ఒక్కొక్క బంతి లెక్కా రాసుకునేదట. ఆ విద్య ఈ పిల్లకి నేర్పింది. తండ్రి "మనోళ్ళు" అంటే ఈ పిచ్చిపిల్ల నిజమనుకుంది. నిజంగానే అభిమానించింది. ఊరు మారినప్పుడు టీమ్ కూడా మారుతుందని ఆమెకెవరూ చెప్పలేదు.

ఆ పిల్ల ఇప్పుడు పదకొండో క్లాసు. ఫిబ్రవరిలో ఓ రోజు కార్లో తండ్రితో అంది. "డాడీ, ట్వెల్త్ ఇక్కడే చదువుతాను. ఇంకో స్కూల్ వద్దు. నేను ఇంకేం అడగను, ఇది ఒక్కటే."

"గట్లనే బిడ్డా, నేను చూసుకుంట," అన్నాడాయన. చూసుకోవడమంటే ఆయన దృష్టిలో ఏమిటో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మా లంచ్ టేబుల్ సంగతి కూడా చెప్పాలి. డేల్, ఆయన పక్కన మార్కస్ అని హ్యూస్టన్ అభిమాని, ఎదురుగా వీరభద్రం గారు. ఈయన పదకొండున్నరకే తన డెస్క్ దగ్గర పెరుగన్నం తినేసి, పన్నెండింటికి టేబుల్ దగ్గరికి సంచీడు వేరుశనక్కాయలతో వస్తాడు. శాంతి ఇంట్లో ఇసుకలో వేయించినవి. బేస్‌బాల్ చూసేవాళ్ళు పల్లీలు వలుచుకు తింటారని ఎక్కడో చదివాడు మరి. ముగ్గురూ టేబులంతా పొట్టు చేసి గంటసేపు వాదిస్తారు. సీజన్‌కి నూట అరవై రెండు ఆటలు. ఆడింది ఎనిమిది. ఆ ఎనిమిదింటికే డేల్ అక్టోబరులో కప్పు ఎవరు తెస్తారో చెప్పేస్తాడు, మార్కస్ అదెలా కుదరదో చెబుతాడు. ఓడిన టీమ్ వాడు "ఇంకా ఏప్రిలే కదా" అంటాడు, గెలిచినవాడు కూడా అదే అంటాడు. బుద్ధున్న పెద్దమనుషులు రోజూ ఒకే మాట ఇంత ఉత్సాహంగా ఎలా చెప్పుకోగలరో నాకు ఎప్పటికీ అర్థం కాదు. నేను పక్కన కూర్చుని పల్లీలు తింటూ లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

ఏప్రిల్ మొదటి వారంలో డేల్ మీదికి కొత్త డైరెక్టరు వచ్చింది, గ్వెన్. యాభై దాటిన మనిషి, కాన్సాస్ సిటీ ఆఫీసు నుంచి బదిలీ. టెస్టింగ్ లీడ్‌లు ఇద్దర్లో ఒకర్నే ఉంచుతుందని మొదటి రోజే తెలిసిపోయింది. రెండో రోజు పొద్దున వీరభద్రం గారు కారెక్కి సీటు బెల్టు కూడా పెట్టుకోకుండా మొదలుపెట్టాడు.

"గ్వెన్ డెస్క్ మీద కాన్సాస్ సిటీ రాయల్స్ కప్పున్నది. చూసినవా అమ్మా?"

"కాఫీ కప్పేనా?"

"నీలం రంగుది. పాతది, అంచు గూడ ఇరిగింది. ఇరిగిన కప్పుల తాగుతాందంటే మామూలు ఫ్యాన్ గాదు."

ఆ మాట మాత్రం నిజమే, ఒప్పుకోవాలి. ఆ రోజు లంచ్‌లో గ్వెన్ సూప్ తెచ్చుకుని మా టేబుల్ దగ్గరే కూర్చుంది. డేల్ పరిచయాలు చేస్తూ, "వీర్ మావాడే, పక్కా రేంజర్స్," అన్నాడు. వీరభద్రం గారు గొంతు సవరించుకున్నాడు. నేను పల్లీ వలవడం ఆపేశాను.

"టెక్సస్ మా లోకల్ టీమ్, నిజమే," అన్నాడు ఇంగ్లిషులో, డేల్ వైపు చూడకుండా. "కానీ బెంటన్‌విల్‌లో ఉన్నప్పటి నుంచీ నా మనసు కాన్సాస్ సిటీ దగ్గరే ఉండిపోయింది."

అబ్బో! బెంటన్‌విల్‌లో ఈయన మనసు ఎక్కడుందో నాకు తెలియదా? డేల్ మొహం మాడిపోయింది. మార్కస్ పకపకా నవ్వాడు. గ్వెన్ ఓ క్షణం ఆయన్ని పరీక్షగా చూసి, "ఈ ఏడు మా బ్యాటింగ్ ఘోరంగా ఉంది. ఇంకా ఏప్రిలేలే," అంది. ఆయన నీలం టోపీ ఆ సాయంత్రమే ఆర్డరు చేశాడు. మనిషికి సిగ్గనేది ఓ చెంచాడైనా ఉండాలి కదండీ.

ఆ నెల మూడో ఆదివారం టీమ్‌నంతా కుటుంబాలతో సహా ఆర్లింగ్టన్ స్టేడియానికి తీసుకెళ్ళింది గ్వెన్. మధ్యాహ్నం ఆట, రేంజర్స్ మీద రాయల్స్. వీరభద్రం గారు తల మీద కొత్త నీలం టోపీతో వచ్చాడు. మడత కూడా సరిగా విడని టోపీ, చూడగానే కొత్తదని తెలుస్తోంది. చేతిలో సంచీలో అలాంటిదే ఇంకోటి, కూతురికి. హంసిక మాత్రం ఆ ఎర్ర టోపీ పెట్టుకుని వచ్చింది. చిన్నప్పటిది, వెనకాల ఆఖరి బొత్తానికి పెట్టినా నెత్తి మీద ఆనీ ఆనకుండా ఉంది. ఒళ్ళో స్కోరు పుస్తకం, చెవిలో పెన్సిలు. దాని అదృష్టమో దురదృష్టమో, సీటు గ్వెన్ పక్కన వచ్చింది. నేను వాళ్ళ వెనక వరసలో ఉన్నాను.

గ్వెన్ ఆ టోపీ చూసి కళ్ళు చిట్లించింది. "సెయింట్ లూయిసా? నా పక్కన కూర్చోడానికి నీకెంత ధైర్యం?"

"మీరు ఎనభై ఐదులో దొంగ కప్పు కొట్టేశారు. ధైర్యం మీకే ఎక్కువ," అంది హంసిక.

ఆ రెండు టీమ్‌లదీ ఒకే రాష్ట్రం, ఒకరంటే ఒకరికి పడదు. ఎనభై ఐదు ఫైనల్లో మొదటి బేస్ దగ్గర అవుటైనవాణ్ని అంపైరు నాటౌట్ అన్నాడని సెయింట్ లూయిస్ వాళ్ళు ఈనాటికీ ఏడుస్తారు. హంసిక అప్పటికి పుట్టనే లేదు, అయినా నిన్న జరిగినట్టు వాదించింది. గ్వెన్ అప్పుడు స్కూలు పిల్లట, స్టేడియంలోనే ఉందట. "నేను కళ్ళారా చూశాను, సేఫే!" అని ఆవిడ, "రీప్లేలో అడుగు దూరం అవుట్, మీకు కళ్ళద్దాలు కావాలి!" అని ఈ పిల్ల. మధ్యమధ్యలో ఆట చూసి ఇద్దరూ ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకుంటున్నారు. అవును, గ్వెన్ దగ్గర కూడా అలాంటి పుస్తకమే ఉంది. నాలుగో ఇన్నింగ్స్‌లో హంసిక రాసింది తొంగిచూసి, "ఈ గుర్తు ఎవరు నేర్పారు? మా నాన్న ఇలాగే రాసేవాడు," అంది గ్వెన్. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉండటం నేను ఆఫీసులో వినలేదు.

అప్పుడొచ్చాడు మహానుభావుడు, నాచోలు కొనడానికి వెళ్ళినవాడు. వస్తూండగా ఆయన చెవిన పడింది "కళ్ళద్దాలు కావాలి" అన్న రెండో విడత మాట. కూతురు డైరెక్టరుతో గొడవ పడుతోందనుకున్నాడు. ట్రే నా చేతిలో కుక్కి, వరసలో అందరి కాళ్ళూ తొక్కుకుంటూ వెళ్ళి, ఆ పిల్ల నెత్తి మీది ఎర్ర టోపీ ఊడబెరికాడు. సంచీలోంచి నీలం టోపీ తీసి పెట్టేశాడు.

"సారీ గ్వెన్, తను జోక్ చేస్తోంది. మాది రాయల్స్ ఫ్యామిలీ. బెంటన్‌విల్ నుంచీ రాయల్సే!"

 గ్వెన్ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. హంసిక ఆ కొత్త టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుంది, పుస్తకం మూసేసింది. ఆట ఆరో ఇన్నింగ్స్‌లో ఉంది. బంగారం లాంటి మాట కలిసిన వేళ, కూతురు తన స్వంత టోపీతో సంపాదించిన చనువుని ఈయన అద్దె టోపీతో తగలేశాడు. పట్టుకుని నాలుగు వాయించాలనిపించింది. నా చేతిలో ఆయన నాచోల ట్రే ఉండిపోయింది, లేకపోతే ఏం చేసేదాన్నో.

సోమవారం పొద్దున గ్వెన్ నన్ను గదికి పిలిచి తలుపు వేసింది.

"శ్రీవిద్యా, ఇద్దరు లీడ్‌లలో ఒకర్ని ఉంచాలి. వీర్‌తో మూడేళ్లు పనిచేశావు. నాకు ఒకటే కావాలి. సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంది అని అతనంటే నేను నమ్మొచ్చా?"

"పనొచ్చు, కాదనను. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఇది వినండి," అన్నాను.

ఇప్పటిదాకా మీకు చెప్పినదంతా ఆవిడకి చెప్పాను. ఇదే వరసలో, ఇవే నవ్వులతో. ప్లెయిన్స్‌బరో యాంకీస్, నెల తిరక్కుండా మెట్స్, బెంటన్‌విల్ ఎర్ర టోపీ, కార్లో స్కోర్ల బట్టీ, బుల్‌పెన్, ఇసుకలో వేయించిన పల్లీలు. నాకు మాట చెప్పడం వచ్చు. గ్వెన్ పల్లీల దగ్గర కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "అంటే ఎవరికి ఏం కావాలో అదే చెబుతాడన్నమాట," అంది. నేను భుజాలెగరేశాను. ఆవిడ థాంక్స్ చెప్పింది. నేను బయటికొచ్చి ఎంత బాగా చెప్పానో అనుకుంటూ కాఫీ కలుపుకున్నాను.

పని సంగతి తర్వాత చెబుతానన్నాను కదా. గ్వెన్ దగ్గర ఆ "తర్వాత" రానే లేదు. మీకైనా చెబుతాను. ఫిబ్రవరిలో మా కొత్త వెర్షన్‌లో పిల్లల మందుల డోసు ఒకచోట రెట్టింపు చూపించింది. వెయ్యిసార్లకి ఒకసారి వచ్చే తప్పు, ఎవరికీ దొరకలేదు, వీరభద్రం గారికి దొరికింది. విడుదల మర్నాడే. అంతా సిద్ధంగా ఉందని సంతకం పెట్టమని డేల్ అరిచాడు. ఏ డేల్ కోసం టోపీ పెట్టుకున్నాడో ఆ డేల్ మొహం మీదే "నో" అన్నాడు. మూడు రోజులు పెట్టలేదు. నీ ఎక్స్‌టెన్షన్ చూసుకో అని డేల్ బెదిరించినా పెట్టలేదు. తప్పు సరిచేశాక నాలుగో రోజు సంతకం పెట్టి, ఏమీ జరగనట్టు పల్లీల సంచీతో టేబుల్ దగ్గరికొచ్చాడు. పక్క కుర్చీలో కూర్చుని ఇదంతా చూసినదాన్ని నేనే. పనిలో ఆ మనిషి నోట ఈ మూడేళ్లలో ఒక్క అబద్ధం వినలేదు. గ్వెన్ అడిగింది సరిగ్గా అదే. నేను టోపీల కథ చెప్పాను.

శుక్రవారం ఆయనకి కన్సల్టెన్సీ నుంచి ఫోనొచ్చింది. సోమవారం పొద్దున తండ్రీ కూతుళ్ళిద్దరూ ఎప్పటిలాగే కారెక్కారు. హంసిక నెత్తిన ఎర్ర టోపీ. కొంచెం దూరం వెళ్ళాక ఆయనే అన్నాడు.

"మే నెలాఖరు వరకే అన్నరమ్మా. సిన్సినాటిల ప్రాజెక్ట్ చూస్తున్నరు."

"అయ్యో," అన్నాను. 

"గ్వెన్ నిన్ను గూడ పిలిచి అడిగిందట గద, డేల్ చెప్పిండు. ఫిబ్రవరి సంగతి చెప్పినవా?"

635 హైవే మీద ట్రాఫిక్ ఆగిపోయింది. రోడ్డు చూసే నెపం కూడా లేదు. అద్దంలో హంసిక నా వైపే చూస్తోంది.

"చెప్పానండీ," అన్నాను.

"నాకు తెల్సు. శాంతితోటి గూడ అన్న, శ్రీవిద్యమ్మ చెప్పే ఉంటదని. బడ్జెట్ లేకపోతె నువ్వు మాత్రం ఏం జేస్తవ్." కాళ్ళ దగ్గరి సంచీ తీసి గేరు పక్కన పెట్టాడు. "శాంతి పొద్దున్నే లేచి వేయించింది. డేల్ వాళ్ళకు గాదు, ఇయ్యి నీకే."

స్కూలు ముందు కారాపాను. హంసిక దిగి, నా వైపు కిటికీ దగ్గరికొచ్చి అద్దం మీద వేలితో తట్టింది. దించాను.

"ఆంటీ, సిన్సినాటి వాళ్ళు సెయింట్ లూయిస్‌తో సీజన్‌లో పదమూడు గేమ్స్ ఆడతారు. సగం అక్కడే. సో, ఓకే." టోపీ సరిచేసుకుంది. "మీరు డాడీ కోసం మాట్లాడారు. థాంక్స్, ఆంటీ."

మెట్లెక్కి లోపలికి పోయింది. పక్క సీట్లో వీరభద్రం గారు అప్పటికే ఫోన్ తీసి సిన్సినాటి స్కోర్లు చదువుతున్నాడు, తడబడుతూ, ఆటగాళ్ళ పేర్లు తప్పు పలుకుతూ. ఈసారి నాకు నవ్వు రాలేదు. సంచీ ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని ఆయనకి తిరిగి ఇచ్చే ధైర్యం కూడా నాకు లేకపోయింది.